ఏరు, ఇడుపు, వెలి: ఎడబాటుకు మన ఊరి మాటలు

(త్రిపురారంలో మా తెలుగు సారు స్మారక సభలో చేసిన ఉపన్యాసం)

  

పొద్దున మిర్యాలగూడలో బస్సెక్కితే పక్క సీట్లో ఒక పెద్దాయన ఫోను చెవికి ఆనించుకుని గట్టిగా అడుగుతున్నాడు: "నీళ్లిడిసిండ్రా?" అవతలి జవాబు విని, ఫోను జేబులో వేసుకుంటూ, నేనూ అదే కబురు కోసం కూర్చున్నట్టు నాతో అన్నాడు: "ఇడిసిండ్రంట బిడ్డా." ఆయన మొహం విప్పారింది. సాగర్ ఎడమ కాలువ కింద పుట్టి పెరిగినదాన్ని, ఆ సంతోషం ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్సు దిగేదాకా మనసు మాత్రం ఆ క్రియ చుట్టూనే తిరిగింది. నీళ్లు ఇడుస్తారు. సాయంత్రం బడి ఇడుస్తారు. వాన ఇడుస్తుంది. జరం ఇడుస్తుంది. పెళ్లాన్ని ఇడిసిపెట్టిండు అనీ అంటాం. మాట ఒక్కటే. ఒకచోట పండుగ, ఒకచోట ఏడుపు.

ఏం మాట్లాడతావని నిర్వాహకులు అడిగినప్పుడు ఎడబాటు గురించి అన్నాను. కారణం దాచను. సారు 2021 మే నెలలో పోయారు. నేను మట్టికి రాలేదు. హైదరాబాదులో నా గదిలో తలుపేసుకుని, ఎవరో తీసి పంపిన వీడియోలో నలుగురు మనుషులు, మొహాలకు మాస్కులు, ఒక పాడె చూశాను. మన వైపు పగవాడి మట్టికైనా పోతారు. పలకరింపులు లేని ఇంటికి కూడా ఆ ఒక్క రోజు పోతారు. నేను పోలేదు. ఆ బాకీ ఇవాళ కొంతైనా తీర్చుకుందామని వచ్చాను.

సారు పేరు వెనక బ్యానరు మీద ఉంది. ఆయన బతికున్నన్నాళ్లు మేమెవరం ఆయన్ను పేరుతో పిలవలేదు. నేనూ ఇవాళ కొత్తగా మొదలుపెట్టను.

పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది, సారు దగ్గర అట్ట చిరిగిన పొడుగు నోటుబుక్కు ఒకటి ఉండేది. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కొక్కరినీ లేపి "ఇయాల ఏం మాట తెచ్చినవ్?" అని అడిగేవారు. పుస్తకంలో ఉన్న మాట చెబితే కూర్చోమనేవారు. ఇంట్లో అవ్వ నోట విన్న మాట చెబితే రాసుకునేవారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకత్వం వహించిన మాండలిక వృత్తిపదకోశం, 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటం, సారు బల్ల మీద ఎప్పుడూ ఉండేది. నాగలికి, గుంటుకకు, మోటకు ఏ ఊళ్లో ఏమంటారో అందులో ఉంది. "పనిముట్లకు ఒక పుస్తకమున్నది, మనసు ముక్కలైనప్పుడు మనోళ్లు ఏమంటరో దానికి లేదు" అనేవారాయన. ఆ నోటుబుక్కులో ఎక్కువ పేజీలు పట్టినవి ఆ మాటలే. సారు భార్యను మేమెప్పుడూ అమ్మ అనే పిలిచాం. అమ్మ దయతో నెల రోజులుగా ఆ నోటుబుక్కు నా దగ్గర ఉంది. ఇవాళ చెప్పేదాంట్లో సగానికి పైగా దానిలోదే.

ముందు ఇడుపు. గ్రంథాల్లో విడుపు. విడు అన్న ధాతువు తెలుగుది మాత్రమే కాదు, ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. విడిపోవడం, విడుదల, విడాకులు, వీడ్కోలు అందులోంచి వచ్చినవే. పెళ్లివారు దిగే విడిది కూడా ఆ కుదురులోదే. విడియడమంటే దిగడం, మజిలీ చేయడం. తమిళంలో ఇంటిని వీడు అంటారు, మోక్షాన్నీ వీడు అంటారు. కాడి విడిచిన చోటే రాత్రికి ఇల్లు. ఎద్దుల మెడ మీది కాడి దించడం ఎరిగిన మనుషులు పుట్టించుకున్న మాటగా నాకు తోస్తుంది: విడవడమంటే ఒకరిని పారేయడమే కాదు, బరువు దించడం కూడా.

మా ఇంటెనక ఒక పెద్దమ్మ ఉండేది. పేరు వద్దు. ఆమెకు ఇడుపు కాయితం అయింది. కులపెద్దలు కూర్చుని, రెండు వైపులా మాట్లాడి, రాసిచ్చిన కాగితం. ఊళ్లో కష్టం చేసుకుని బతికే కులాల్లో ఇడుపూ ఉంది, మారుమనువూ ఉంది, ఏ చట్టమూ రాకముందు నుంచే. లేనిది ఎవరికో మీకు తెలుసు. చిన్నప్పుడు ఆ పెద్దమ్మ వడ్లు చెరుగుతూ తన కథ చెప్పేది: "నన్ను ఇడిసిండు." ప్రతిసారీ అదే వాక్యం. కర్త అతను, కర్మ తను. ఆమె మారుమనువు చేసుకుని, ఇద్దరు పిల్లలు పుట్టి, రెండెకరాలు కౌలుకు చేసుకుంటున్న రోజుల్లో నేను సెలవులకు వచ్చాను. కథ మళ్లీ చెప్పింది. ఈసారి వాక్యం మారింది: "నేను ఇడిపిచ్చుకున్న." షావుకారు దగ్గర కుదువపెట్టిన పుస్తెను డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆడవాళ్లు అనే మాట అది. తనను తాను కుదువ నుంచి ఇడిపిచ్చుకుంది. జరిగిన సంగతి ఒక్కటే, కాగితం ఒక్కటే. సారుతో ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. నోటుబుక్కులో "ఇడుపు" కింద ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి, వేరే వివరణ లేదు.

హిందూ వివాహ చట్టం 1955 మేలో అమల్లోకి వచ్చింది. అందులో 10వ సెక్షను వేర్పాటుకు, 13వ సెక్షను విడాకులకు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976 సవరణతో గాని రాలేదు. అదే 1955లో, డిసెంబరు 10న, నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు విడిచారు. కుడిది జవహర్ కాలువ, మనది లాల్ బహదూర్ కాలువ. ఆ పేరుతో ఎవరూ పిలవరనుకోండి, కాలువ అంటే చాలు. అప్పుడు నాకు నాలుగేళ్లు. నాయన భుజమ్మీద కూర్చున్నట్టు, ఎర్రటి నీళ్లు నురగతో వస్తుంటే జనం వెంట పరుగెత్తినట్టు లీలగా గుర్తు. అది చూసిన గుర్తో, విన్న గుర్తో ఇప్పుడు తేల్చుకోలేను.

ఆ నీళ్ల వెనక ఇంకో ఇడుపు ఉందని మాకు చెప్పింది సారు. జలాశయం నిండుతుంటే నాగార్జునకొండ లోయలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇక్ష్వాకుల విజయపురి రాళ్లనైతే జాగ్రత్తగా గుర్తులు పెట్టి ద్వీపం మీదికి, అనుపుకు మోసుకెళ్లారు. మనుషులు మూటాముల్లె కట్టుకుని నడిచిపోయారు. మునిగిన ఊళ్లకు సర్కారు కాగితాల్లో పేరు ముంపు. పోయినవాళ్ల పేరు నిర్వాసితులు. వాళ్లు తమ గురించి చెప్పుకునేటప్పుడు ఆ రెండు మాటలూ రావు, "ఊరిడిసి వచ్చినం" అంటారు. నీళ్లిడిసిండ్రు అన్న మన సంతోషం, ఊరిడిసినం అన్న వాళ్ల దుఃఖం ఒకే క్రియలో ఉన్నాయి. ఈ మాట సారు తరగతిలో చెప్పిన రోజు నీళ్ల వంతు కోసం కొట్టుకునే మా పిల్లకాయలందరం నోరు మూసుకున్నాం.

ఇక ఏరు. వేరుపడడాన్ని మనం ఏరుపడుడు అంటాం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. మా నాయన, చిన్నాయన ఏరుపడ్డప్పుడు నాకు పదేళ్లు. ఆ రోజు క్షణక్షణం గుర్తుంది. పొద్దున్నే పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాకిట్లో పరిచారు. ఇత్తడి బిందెలు నాలుగు, అటు రెండు, ఇటు రెండు. ఎడ్లు జత, చెరొకటి. ఒంటెద్దుతో ఎవరేం చేస్తారు? అయినా పంచారు. కందెన డబ్బా కూడా పంచారు. పొలానికి గెట్టు పెట్టారు. పంచలేనిది బావి. దానికి వంతు అన్నారు: మూడు రోజులు మీకు, మూడు రోజులు వాళ్లకు, ఏడో రోజు పశువులకు. పంచలేనిది ఇంకొకటి మా నాయనమ్మ. ఆమెకూ వంతు అన్నారు, ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. ఆమె ఏమీ అనలేదు. అంతా విన్నది.

సాయంత్రం చిన్నమ్మ వెనక అర్రలో కొత్త పొయ్యి పెట్టింది. మట్టి ఇంకా తడిగానే ఉంది. అగ్గిపెట్టె గీయబోతుంటే నాయనమ్మ "ఆగు" అంది. మా పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పగిలిన కుండపెంకలోకి తీసి, కొంగు కాలకుండా ఎడంగా పట్టుకుని, వాకిలి దాటి, ఆ నిప్పులు కొత్త పొయ్యిలో పోసింది. పొగకు కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. పొగకో, దేనికో. నేను వెంటే నడిచాను. "ఏరువడ్డరు గని ఇడువలే బిడ్డా" అంది నాతో. అప్పటికి నాకర్థం కాలేదు.

తర్వాతి శనివారం సారు అడిగితే నేను తెచ్చిన మాట ఇదే. ఆయన నన్ను నిలబెట్టి మూడుసార్లు చెప్పించారు. తర్వాత బోర్డు మీద ఇంకో మాట రాశారు: పాలోళ్లు. పాలు అంటే వాటా. ఏరుపడ్డ అన్నదమ్ముల సంతతికి మనం పెట్టిన పేరు విడిపోయినవాళ్లు కాదు, వాటా ఉన్నవాళ్లు. ఎవరింట్లో చావొచ్చినా పాలోళ్లందరికీ మైల, పాలోళ్లందరికీ తలనీలాలు. పొయ్యి ఏరు, గెట్టు ఏరు, మైల మాత్రం పొత్తు. అవ్వలు జడ వేసేటప్పుడు జుట్టును మూడు పాయలు చేయడం చూశారు కదా. పాయడమంటే విడిపోవడమే, ఎడబాయడంలో ఉన్నది అదే క్రియ. పాయలు చేయకుండా జడ పడదు. నుదుటి మీది పాపిట కూడా ఆ కుదురుదేనని నా చెవికి అనిపిస్తుంది.

రాష్ట్రమనే పెద్ద ఇల్లు ఏరుపడినప్పుడు ఏం మాటలు వాడారో మనందరం చూశాం. 1969లో గాని, మలి ఉద్యమంలో గాని, ఇటువైపు వాళ్లు ప్రత్యేక రాష్ట్రం అన్నారు, అటువైపు వాళ్లు వేర్పాటువాదం అన్నారు. 2014 జూన్ 2ను ఒకరు ఆవిర్భావం అన్నారు, ఇంకొకరు విభజన అన్నారు. చట్టం మాత్రం ఈ రెండూ అనకుండా పునర్వ్యవస్థీకరణ అని పేరు పెట్టుకుంది. రచ్చబండల దగ్గర పెద్దలు వీటిలో ఏదీ వాడలేదు. అన్నదమ్ముల్లెక్క ఏరుపడదాం అన్నారు. ఆ మాటలో మా నాయనమ్మ పెంక ఉంది. కానీ ఏరుపడ్డాక బావి వంతు ఎట్లా అన్నది ఇప్పటికీ తేలలేదు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన కృష్ణా నీళ్లు 811 టీఎంసీలు. 2015లో తాత్కాలికంగా అందులో 299 మనకు, 512 వాళ్లకు అనుకున్నారు. తాత్కాలికం ఏళ్లు దాటింది. 2023 నవంబరు 30న, ఇక్కడ మనం ఓటు వేయడానికి లేచేసరికి, సాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేసి ఉంది. గిన్నెల్లాగే గేట్లు కూడా లెక్కపెట్టి చెరి సగం. ఎవరి న్యాయం ఎంత అన్న చర్చకు ఇది వేదిక కాదు. ఆ కంచె ఫోటో పేపర్లో చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది. ఒకే కాలువ మీద ఆన్ ఆఫ్ పద్ధతిలో వంతుకు నీళ్లు తీసుకునే రైతులం, ఎగువ మడికి దిగువ మడికి తగువులు తీర్చుకునేవాళ్లం, వంతు అంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలుసు?

వంతు ఉన్నంతకాలం అది ఏరు. వంతు తీసేస్తే దాని పేరు మారుతుంది. నోటుబుక్కులో సారు ఎర్రసిరాతో రాసిన మాట అది ఒక్కటే: వెలి.

వెలి అంటే బయట. వెలుపల అన్నది అందులోంచే. వినడానికి అమాయకమైన మాట. కానీ క్రియ చూడండి. విడిపోతాం, ఏరుపడతాం, దూరమవుతాం. ఇవన్నీ మనకు మనమై చేయగలిగినవి. వెలి మాత్రం ఎవరో వేయాలి. తనంతట తాను వెలిపడినవాడు లేడు. వేసేవాళ్లు ఎప్పుడూ గుంపు, పడేది ఎప్పుడూ ఒకడు, ఒక ఇల్లు, ఒక వాడ. వెలివేస్తే ఏమవుతుంది? నీళ్లు బంద్, నిప్పు బంద్, మంగలి రాడు, చాకలి రాదు, దుకాణంలో ఉప్పు పుట్టదు, చస్తే మోసేవాడు ఉండడు. ప్రాచీన రోములో బహిష్కార శిక్షకు పేరే "నీళ్లూ నిప్పూ నిషేధం" అని తర్వాత చదువుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది. వేల మైళ్ల అవతల, రెండు వేల ఏళ్ల కింద, మనుషులు మనిషిని బయటికి తోయడానికి వెతుక్కున్నవి అవే రెండు వస్తువులు. మా నాయనమ్మ పెంకలో మోసుకెళ్లింది ఆ రెండింట్లో ఒకటి. ఏథెన్సు నగరంలో ఇంకో పద్ధతి ఉండేది. ఊరికి ప్రమాదమనుకున్న పెద్దమనిషి పేరు కుండపెంకల మీద గీసి ఓటు వేసేవారు. ఎక్కువ ఓట్లు పడినవాడు పదేళ్లు ఊరిడవాలి. కానీ ఆస్తి పోదు, పదేళ్లయ్యాక తిరిగి రావచ్చు. ఆ వెలికి కూడా గడువు ఉంది. మన వెలివాడకు గడువు లేదు.

మన ఊళ్లో ఊరూ వాడా అని కలిపి అంటాం. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని అందరం ఎరుగుదుం. రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి అంటరానితనాన్ని నేరమంటోంది. ఎడబాటు మీద ఇన్ని కావ్యాలు రాసుకున్న భాష మనది, విప్రలంభాన్ని పూర్వానురాగం, మానం, ప్రవాసం, కరుణ అని నాలుగుగా విభజించి పేర్లు పెట్టుకున్న శాస్త్రం మనకుంది. ఆ నాలుగింట్లో వెలి లేదు. ఆ లోటు చూసినవాడు జాషువా. కాళిదాసు యక్షుడు మేఘాన్ని ప్రియురాలి దగ్గరికి పంపితే, 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో వెలివాడ మనిషి గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. గుళ్లోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. సారు ఆ పద్యాలు చెప్పేటప్పుడు ఎదురుగా కూర్చున్న మా వాడ పిల్లల వైపు చూసేవారు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆయన కళ్లు తడిసేవని తర్వాత మాకు తెలిసింది.

ఇదంతా పాత సంగతి అని ఎవరైనా అంటే రెండు గుర్తు చేస్తాను. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. పీహెచ్‌డీలు చేస్తున్న పిల్లలు తమ బాధకు పేరు వెతికితే, ఇంగ్లీషులో కాదు, అవ్వల నోటి మాటలో దొరికింది. ఆ ఐదుగురిలో రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. రెండోది ఇంకా దగ్గరిది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య పక్కన నడుస్తున్న యువకుణ్ని కత్తితో నరికారు. కులం వేరు అన్న ఒకే కారణం. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ సభలో చాలామందికి ఆ వీధి తెలుసు. నేను ఇవాళ బస్సెక్కిన ఊరు అదే. వేరు అన్న మాటను అన్నదమ్ముల మధ్య ఎంత మెత్తగా వాడామో చూశారు కదా. అదే మాట కులానికి తగిలిస్తే కత్తి అయింది.

2020 వేసవిలో మనందరి నోటా దూరం అన్న మాట నానింది. సామాజిక దూరం పాటించండి అని మైకుల్లో చెప్పారు. సామాజిక దూరం పాటించమని ఈ దేశంలో ఒకరు చెప్పాలా? వేల ఏళ్లుగా పాటిస్తున్నదే కదా. అందుకేనేమో మన పత్రికల్లో కొందరు పట్టుబట్టి భౌతిక దూరం అని రాశారు. ఆ ఏడు మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ వైపే మొగ్గింది. ఏప్రిల్‌లో సూర్యాపేటలో కేసులు పెరిగి వీధులకు వీధులు కట్టెలు అడ్డం కట్టినప్పుడు, మా అత్తగారి తరం ఆడవాళ్లు అన్న మాట నాకు గుర్తుంది: "దూరముండుడు మాకు కొత్తనా?" నెలకు మూడు రోజులు, మూల గదిలో, వేరే చాప, వేరే కంచం. దాన్నీ మన ఇళ్లల్లో దూరమనే అన్నారు, బయటున్న అనే అన్నారు. క్వారంటైన్ అన్నది వెనీసువాళ్ల నలభై రోజుల లెక్క. ఐసోలేషన్‌లో ఉన్నది లాటిన్ ద్వీపం. ద్వీపం అన్న మాట వింటే నాకు 2021 మేలో సారు పడుకున్న గది కళ్ల ముందుకొస్తుంది. అమ్మ తలుపు బయట స్టూలు మీద జావ గిన్నె పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేదట. ఆయన తలుపు తీసి, గిన్నె తీసుకుని, ఆమెను చూసి, మళ్లీ తలుపు వేసుకునేవారట. యాభై ఏళ్ల కాపురం ఆ నాలుగడుగుల దూరంలో నిలబడింది. అమ్మ ఈ మాట చెప్పినప్పుడు నేను ఆమె చేయి పట్టుకున్నాను. అంతకంటే నా దగ్గర మాట లేదు.

ఒంటరితనం గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దానికోసం మంత్రుల్నే పెట్టాయి. ఇక్కడ కూడా సాయంత్రం వీధి వెంట నడిస్తే తెలుస్తుంది, అరుగు మీద ఒక్కరే కూర్చున్న ముసలివాళ్లు, పిల్లలు హైదరాబాదులోనో డాలసులోనో. ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఒంటరికి వ్యతిరేకం గుంపు కాదు, తోడు. పాలలో వేసే చెంచాడు మజ్జిగ చుక్కను కూడా మనం తోడే అంటాం. పక్కింటి నుంచి తోడు అడిగి తెచ్చుకునే అలవాటు ఫ్రిజ్‌లు వచ్చాక పోయింది. దానితో పాటు ఏం పోయిందంటే, రోజుకు ఒకసారైనా పక్కింటి గడప తొక్కే పని ఒకటి పోయింది.

మన వాళ్లకు ఎడబాటు మాట నోట పలకడమే ఇష్టం ఉండదు. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. గడప దాటేటప్పుడు పోతున్న అనం, పోయొస్త అంటాం. పోవడంలోనే రావడాన్ని కుట్టేసుకుంటాం. సాయుధ పోరాటం రోజుల్లో ఈ జిల్లా ఆడవాళ్లు దళాల వెంట నడిచారు. 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" అన్న పుస్తకంలో ఆ ఆడవాళ్లే తమ కథలు చెప్పారు, అందులో కన్నబిడ్డను వేరేవాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లిపోయిన తల్లి కథ ఉంది. ఆమె ఆ బిడ్డకు ఏమని చెప్పి కదిలిందో అని సారు నోటుబుక్కు అంచున పెన్సిలుతో రాసుకున్నారు. పోయొస్త అందా? అనగలిగిందా?

ఒడిబియ్యం పోసి ఆడబిడ్డను సాగనంపేటప్పుడు, మా ఇంట్లో, ఆ బిడ్డ ఒడిలోంచి కొన్ని పిడికిళ్లు తీసి పుట్టింట్లో వదిలి వెళ్తుంది. మా అమ్మ వదిలింది, నేను వదిలాను. పోతూ పోతూ పుట్టింటి గాదెలో తన వంతు పెట్టిపోవడం. ఇంతకంటే చక్కగా ఎడబాటును చెప్పిన మాట నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు, ఎందుకంటే అది మాట కాదు, బియ్యం.

ఇంకొక్క పేజీ ఉంది. నోటుబుక్కు చివరి నుంచి మూడో పేజీ. పైన సారు గుండ్రటి అక్షరాల్లో ఢావ్లో అని ఉంది. మన చుట్టూ ఉన్న లంబాడా తండాల్లో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు పాడే ఏడుపుపాట అది. మన ఇళ్లల్లో అప్పగింతలప్పుడు ముత్తైదువలు పాడతారు, పిల్ల తలవంచుకుని ఏడుస్తుంది. తండాలో పాడేది పెళ్లికూతురే. తల్లిని, అన్నను, పశువుల్ని, ఇంటిని పేరుపేరునా పట్టుకుని తన గొంతుతో తనే పాడి విడివడుతుంది. పెద్దాడవాళ్లు ఆమెకు ముందే నేర్పుతారు. విడిచిపోయే మనిషికి విడుపు చెప్పే హక్కు ఇచ్చిన ఆచారం ఇది.

తొమ్మిదో తరగతిలో మాతో ఒక తండా అమ్మాయి ఉండేది. ఢావ్లో అన్న మాట శనివారం పీరియడ్‌కు తెచ్చింది ఆమే. సారు ఎంత సంబరపడ్డారో. వచ్చే శనివారం అందులో వచ్చే మాటలన్నీ, తల్లికి ఏమంటారో, విడిపోవడానికి ఏమంటారో, తిరిగి రావడానికి ఏమంటారో అడిగి రాసుకుని రమ్మన్నారు. పేజీలో వాటికోసం అంకెలు వేసి పెట్టుకున్నారు, 1 నుంచి 20 దాకా. వచ్చే శనివారం ఆ అమ్మాయి రాలేదు. ఆ పై శనివారం కూడా రాలేదు. పెళ్లయిందని, కృష్ణ అవతలికి పంపారని నెల తర్వాత తెలిసింది. సారు ఆ పేజీ తిప్పలేదు, చింపలేదు. ఇంకెవరినీ అడగనూ లేదు. ఆమె వచ్చినప్పుడు చెబుతుందిలే అనేవారు.

ఇరవై అంకెలూ ఖాళీగానే ఉన్నాయి. ఈ బడికి ఇప్పటికీ తండాల నుంచి పిల్లలు వస్తున్నారని హెడ్‌మాస్టరుగారు చెప్పారు. సభ అయ్యాక మీలో ఎవరైనా, మీ అవ్వలు, అమ్మలు ఎవరైనా వస్తే నేను ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. ఆఖరి బస్సు ఆరింటికి. నోటుబుక్కు తెచ్చాను.